దడుపు దిగడానికి మెడలో ఇంజెక్షన్: నా అనుభవం

2019 జనవరి తర్వాత మూడేళ్ళ పాటు మా ఇంట్లో కుక్కర్ విజిల్ వినపడలేదు. కందిపప్పు ముందే నానబెట్టుకుని మామూలు గిన్నెలో ఉడికించేదాన్ని. ముప్పావు గంట పట్టేది, ఒక్కోసారి గంట. అలా వండితే రుచి బాగుంటుందని ఇంట్లో చెప్పేదాన్ని. నిజానికి విజిల్ వచ్చే ముందు కుక్కర్ బుసకొడుతుంది చూడండి, ఆ చప్పుడుకే నా చేతులు చల్లబడిపోయేవి. విజిల్ కూడా వచ్చిందంటే ఇక వంటగదిలో నిలబడలేను. ఒకరోజు గరిటె చేతిలో ఉండగానే బాత్రూంలోకి పరిగెత్తి గడియ పెట్టుకున్నాను. అప్పుడు మా అమ్మాయికి ఆరేళ్ళు. తలుపు అవతల నిలబడి "అమ్మా, పప్పు మాడిపోతోందమ్మా" అంటోంది. నాకు వినపడుతోంది. గడియ తీయలేకపోతున్నాను.

ఆ భయం ఎలా పట్టుకుందో, మెడలో వేసిన ఒక ఇంజెక్షన్ దాన్ని ఎంతవరకు దించిందో, ఎక్కడ ఆగిపోయిందో రాస్తాను. నాలాంటి వాళ్ళు ఇంకా ఉంటారు. వాళ్ళకి తెలుగులో చదువుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. పెళ్ళయ్యాక డాలస్ పక్కన ఇర్వింగ్ వచ్చాం. హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే హెచ్4 వీసా మీద ఉన్నవాళ్ళలో కొందరికి 2015 నుంచి ఉద్యోగం చేసుకునే వీలు ఇచ్చారు. నా పర్మిట్ కార్డు 2017లో చేతికి వచ్చింది. బీకాం చదివి ఐదేళ్ళు ఇంట్లోనే ఉన్నదాన్ని. ఇంటికి రెండు మైళ్ళ దూరంలో మన తెలుగువాళ్ళదే ఒక గ్యాస్ స్టేషన్ ఉంటే, అందులో స్టోర్ కౌంటర్ దగ్గర పనికి కుదిరాను. మా ఆయనకి ఇష్టం లేదు. "నీకేం తక్కువైందని?" అన్నారు. నా పేరు మీద ఒక జీతం చెక్కు రావాలని నాకు ఉండేది. మొదటి చెక్కు 312 డాలర్లు. దాన్ని ఫోటో తీసి అమ్మకి పంపాను.

2019 జనవరిలో ఒక మంగళవారం. రాత్రి తొమ్మిదీ నలభై. తలుపు తెరుచుకుంటే పైన ఒక బెల్ 'టింగ్' అంటుంది. బెల్ మోగగానే అలవాటుగా "హలో" అంటూ తలెత్తాను. తుపాకీ నా ముక్కుకి జానెడు దూరంలో ఉంది. అతని మొహం నాకు గుర్తులేదు, టోపీ మాత్రం గుర్తుంది. డ్రాయర్ తెరవమన్నాడు. నేను తప్పు బటన్ నొక్కాను. అది తెరుచుకోలేదు. అతను తుపాకీతో కౌంటర్ మీద గట్టిగా కొట్టాడు. రెండోసారి తెరుచుకుంది. నోట్లు తీసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ 'టింగ్'. ఇదంతా పావుగంట జరిగిందనే నేను పోలీసులకి చెప్పాను. కెమెరాలో చూస్తే ఒక నిమిషం యాభై సెకన్లు.

ఓనర్ అన్నయ్య పది నిమిషాల్లో వచ్చారు. "డబ్బు పోతే పోయిందమ్మా, నువ్వు క్షేమం, అది చాలు" అన్నారు. మనసులోంచే అన్నారు, నాకు తెలుసు. నెల తిరక్కుండా కౌంటర్‌కి మందపాటి గ్లాసు కూడా పెట్టించారు. మా ఆయన నన్ను కారులో ఎక్కించుకుని దారంతా "ఏమీ కాలేదు కదా, ఏమీ కాలేదు కదా" అంటూనే ఉన్నారు. అది ఆయన తనకి తాను చెప్పుకుంటున్నారని ఇప్పుడు అర్థమవుతోంది. ఆ తర్వాత విన్నవాళ్ళందరూ అదే మాట అన్నారు. ఒంటి మీద గీత కూడా పడలేదు కాబట్టి ఏమీ కాలేదు. నేనూ అలాగే అనుకున్నాను. ఏమీ కాని దానికి నేనెందుకు ఇలా అయిపోయానో అర్థంకాక నా మీద నాకే కోపం వచ్చేది.

పని మానేశాను. నిద్ర రెండు గంటలు పడితే గొప్ప. తలుపులు మూడుసార్లు చూసుకుని పడుకుని, మళ్ళీ లేచి చూసేదాన్ని. హోటల్‌కి వెళ్తే గోడకి ఆనుకుని, తలుపు కనపడేలా కూర్చోవాలి. ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ గుడికి వెళ్ళినా కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకోలేకపోయేదాన్ని. వెనక ఎవరున్నారో తెలియకపోతే గుండె దడ. ఇండియన్ స్టోర్‌లో కూడా తలుపు మీద అదే రకం బెల్. కూరగాయలు అక్కడే వదిలేసి బయటికి వచ్చేసిన రోజులు ఉన్నాయి.

అమ్మకి మూడో నెలలో చెప్పాను. ఫోన్‌లో కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "దడుచుకున్నావే తల్లీ, దడుపు పట్టుకుంది" అంది. ఊళ్ళో ఆంజనేయస్వామికి ఆకుపూజ చేయించి, సింధూరం ఎవరి చేతనో పంపించింది. నా చిన్నప్పుడు కుక్క తరిమితే రెండు రోజులు ఒళ్ళు కాలిపోయింది. దడుపు జ్వరం అని నాయనమ్మ పొట్లంలో విభూతి తెచ్చి పెట్టింది. అమ్మ ఆ మాట అన్నాక ఏడ్చాను. అన్ని నెలల్లో "ఏమీ కాలేదు" అనని మొదటి మనిషి అమ్మే. భయం మనసులోనే ఉండిపోదని, ఒంట్లోకి దిగి జ్వరంలా కూర్చుంటుందని మన పెద్దవాళ్ళకి తెలుసు. అందుకే దానికి ఒక పేరు పెట్టారు.

డాక్టర్లు దానికి పెట్టిన పేరు పీటీఎస్‌డీ, పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్. అమెరికాలో మానసిక వైద్యుల సంఘం తన పుస్తకంలో ఆ పేరు చేర్చింది 1980లో. నాకు ఆ పేరు పెట్టింది 2020లో, వీడియో కాల్‌లో. ఇరవై ప్రశ్నల కాగితం ఒకటి ఉంటుంది. ఒక్కో ప్రశ్నకి సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు, మొత్తం ఎనభై. ముప్పైఒకటి, ముప్పైమూడు దగ్గర దాటితే పీటీఎస్‌డీ ఉండొచ్చని చూస్తారు. నాది 54 వచ్చింది. సెర్ట్రలిన్ రాశారు. ఈ జబ్బుకి అమెరికాలో మందులకి అనుమతి ఇచ్చే సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకున్న మందులు రెండే, ఇదీ, పారాక్సెటిన్. మొదటి రెండు వారాలు కడుపులో తిప్పింది. తర్వాత ఏడుపు తగ్గింది, చిరాకు కాస్త తగ్గింది. ఉలికిపాటు మాత్రం అలాగే ఉంది. కుక్కర్ అలమారాలోనే ఉంది.

మందుతో పాటు థెరపీ కావాలన్నారు. జరిగినదాన్ని కళ్ళు మూసుకుని, ఇప్పుడే జరుగుతున్నట్టు, మొదటి నుంచి చివరి దాకా పైకి చెప్పాలి. దాన్ని రికార్డు చేసి ఇంట్లో రోజూ వినాలి. పారిపోతున్న కొద్దీ భయం పెరుగుతుంది, ఎదురుగా కూర్చుని మళ్ళీ మళ్ళీ వింటే దాని బలం తగ్గుతుంది. పద్ధతి అది. ఈ జబ్బుకి బాగా పరీక్షించి నిలబడ్డ చికిత్సల్లో ఇది ఒకటి. అంత మంచి చికిత్సని నేను మూడో వారంలో వదిలేశాను. 'టింగ్' దగ్గరికి వచ్చేసరికి గొంతు బిగుసుకుపోయేది, వేళ్ళు మొద్దుబారేవి. అక్కణ్ణుంచి ముందుకి ఒక్క మాట వచ్చేది కాదు. "నావల్ల కాదు" అని మెసేజ్ పెట్టి ఊరుకున్నాను. మా థెరపిస్ట్ మంచి మనిషి. ఎప్పుడైనా రావచ్చని జవాబు ఇచ్చింది.

2022 జనవరిలో మళ్ళీ వెళ్ళాను. మా అమ్మాయి స్కూల్లో అగ్నిప్రమాదం డ్రిల్ జరిగిందట. ఇంటికొచ్చి "నువ్వైతే అక్కడ భయపడిపోయేదానివమ్మా, నేను భయపడలేదు" అంది. తొమ్మిదేళ్ళ పిల్ల నన్ను కాపాడాలనుకుంటోంది. అది తట్టుకోలేకపోయాను. ఆ రోజే థెరపిస్ట్ మొదటిసారి మెడ ఇంజెక్షన్ సంగతి ఎత్తింది. "మీ ఒళ్ళు ఇంత గట్టిగా అలారం కొడుతుంటే మీరు కథ మధ్యలోకి రాలేకపోతున్నారు. ముందు అలారం తగ్గించడానికి ప్రయత్నిద్దామా?" అని అడిగింది.

నాకు అర్థమైనంతలో చెప్తాను. మెడ కింది భాగంలో, వెన్నెముకకి ముందువైపు, కుడికి ఒకటి ఎడమకి ఒకటి నరాల ముడులు ఉంటాయి. నక్షత్రం ఆకారంలో ఉంటాయని స్టెలేట్ గ్యాంగ్లియన్ అని పేరు. ప్రమాదం వచ్చినప్పుడు గుండె వేగం పెంచి, చెమట పట్టించి, పరిగెత్తమనో తిరగబడమనో ఒంటిని సిద్ధం చేసే నరాలు ఉన్నాయి కదా, తలకీ చేతులకీ వెళ్ళే ఆ నరాలకి ఇది ఒక జంక్షన్. ఆ ముడి చుట్టూ మత్తుమందు వేస్తే కొన్ని గంటలు ఆ దారి మూతపడుతుంది. చేతుల్లో మొండి నొప్పులకి డాక్టర్లు దశాబ్దాలుగా ఈ ఇంజెక్షన్ వేస్తూనే ఉన్నారు. పీటీఎస్‌డీకి వాడి చూసి 2008లో ప్రచురించింది షికాగోలో మత్తు డాక్టర్ యూజీన్ లిపోవ్, ఆయనతో పనిచేసినవాళ్ళు. అక్కణ్ణుంచి అమెరికా సైన్యంలో వాడకం పెరిగింది.

మందు కొన్ని గంటల్లో దిగిపోతుంది. మరి మార్పు వారాలు, నెలలు ఎందుకు ఉంటుంది? దీనికి డాక్టర్లు ఇంకా తేల్చిన జవాబు లేదు. మెదడులో నారెపినెఫ్రిన్ అనే రసాయనం పొంగు తగ్గుతుందని ఒక ఆలోచన. ఇరుక్కుపోయిన కంప్యూటర్‌ని ఆపి మళ్ళీ ఆన్ చేసినట్టు అని చాలామంది పోలుస్తారు. మా డాక్టర్ కూడా అదే పోలిక చెప్పి, అది పోలిక మాత్రమే అని గుర్తుచేశారు.

నేను బీకాం మనిషిని, లెక్కలు చూడకుండా నమ్మలేను. రెండు అధ్యయనాలు ముందు పెట్టుకుని చదివాను. ఒకటి 2019 చివర్లో వచ్చింది. 113 మంది సైనికులు, మూడు సైనిక ఆసుపత్రులు. ఇద్దరికి అసలు మందు, ఒకరికి ఉత్తుత్తి ఇంజెక్షన్ లెక్కన, రెండు వారాల తేడాతో రెండుసార్లు వేశారు. ఎనిమిది వారాల తర్వాత అసలు మందు పడ్డవాళ్ళ లక్షణాల స్కోరు సగటున 12.6 తగ్గింది. ఉత్తుత్తి ఇంజెక్షన్ వాళ్ళది 6.1 తగ్గింది. అంటే తేడా ఉంది, కానీ అద్భుతం అనేంత కాదు. రెండోది అంతకంటే ముందు, 2016లో వచ్చింది, 42 మందితో చేసినది. అందులో అసలుకీ ఉత్తుత్తికీ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. మత్తుమందు పాతదే, అనుమతి ఉన్నదే. పీటీఎస్‌డీ కోసం ఈ ఇంజెక్షన్‌కి మాత్రం ఎఫ్‌డీఏ అనుమతి లేదు. అందుకే మా ఇన్సూరెన్స్ వాళ్ళు ఇంకా పరిశోధనలో ఉన్న చికిత్స అని రాసి తిప్పికొట్టారు. అప్పీలు చేశాను. అదే ఉత్తరం, తేదీ మార్చి మళ్ళీ వచ్చింది.

మొదట ఫోన్ చేసిన క్లినిక్‌లో ఫోన్ ఎత్తినామె నేనేం మందులు వాడుతున్నానో కూడా అడగకుండా "తొంభై శాతం మందికి నయమవుతుంది, ఈ వారం బుక్ చేసుకుంటే తగ్గింపు ఉంది" అంది. తుపాకీ దెబ్బకి చచ్చిపోయిన నిద్ర తిరిగి వస్తుందంటే ఎవరైనా డబ్బు కడతారు. ఆ అవసరం మీద అలా మాట్లాడటం నాకు చాలా బాధ కలిగించింది. ఫోన్ పెట్టేశాను. థెరపిస్ట్ చెప్పిన రెండో చోట నొప్పుల చికిత్స డాక్టర్ నాతో నలభై నిమిషాలు మాట్లాడారు. రక్తం పలచబడే మందులు వాడుతున్నానా, మత్తుమందు ఎప్పుడైనా పడక ఇబ్బంది అయిందా, మెడకి ఆపరేషన్ అయిందా, ఊపిరితిత్తుల జబ్బు ఉందా, అన్నీ అడిగారు. అరుదే అయినా జరగగల ప్రమాదాలు దాచకుండా చెప్పారు. మందు రక్తనాళంలోకి వెళ్తే ఫిట్స్ రావచ్చు, మెడలో రక్తం గడ్డకట్టవచ్చు, ఊపిరితిత్తికి సూది తగలవచ్చు. రెండు వైపులా ఒకే రోజు వెయ్యనని కూడా చెప్పారు, ఎందుకంటే గొంతు నరం రెండు పక్కలా మొద్దుబారితే ఊపిరికే ఇబ్బంది. చివర్లో ఆయన అడిగిన ప్రశ్న ఒకటే. "దీని తర్వాత థెరపీకి తిరిగి వెళ్తారా?" వెళ్తానన్నాను. వెళ్ళేవాళ్ళకి వేస్తే నాకు తృప్తిగా ఉంటుందన్నారు.

ఖర్చు 1,600 డాలర్లు. ఆ నెల మా ఆయన ఊరికి పంపాల్సిన డబ్బులోంచి సర్దారు. అప్పటికీ ఆయనకి నమ్మకం లేదు. "మనసుకి వచ్చినదానికి మెడలో సూదేంటి?" అన్నారు. అయినా లీవు పెట్టి తీసుకెళ్ళారు. ఆ రోజు మనం డ్రైవ్ చేయకూడదు, తోడు ఒకరు ఉండాలి.

మార్చిలో ఒక గురువారం పొద్దున. చేతికి సెలైన్ సూది పెట్టారు, వేలికి క్లిప్పు, ఛాతీకి స్టిక్కర్లు. వెల్లకిలా పడుకోబెట్టి భుజాల కింద చిన్న దిండు పెట్టారు. తల కొంచెం ఎడమకి తిప్పమన్నారు. తిప్పితే తలుపు నా వెనకకి పోయింది. మానిటర్‌లో గుండె 118కి వెళ్ళింది. నేను ఏమీ చెప్పకుండానే నర్సు అడిగింది, "తలుపా?" అని. అవునన్నాను. ఆమె వెళ్ళి తలుపు దగ్గర నిలబడి, "నేను ఇక్కడే ఉంటాను, అయిపోయేదాకా కదలను" అంది. కదల్లేదు. ఆమె పేరు కూడా అడగలేదు నేను, ఇప్పటికీ తలుచుకుంటాను.

డాక్టర్ ప్రతి పనీ చేసే ముందు చెప్పారు. "ఇప్పుడు చల్లగా తగులుతుంది" అని మెడకి మందు తుడిచారు. "ఇప్పుడు జెల్" అని అల్ట్రాసౌండ్ పెట్టారు. తెర మీద నా రక్తనాళం కొట్టుకోవడం కనపడింది. "ఇప్పుడు చీమ కుట్టినట్టు ఉంటుంది" అని చర్మం మొద్దుబారడానికి చిన్న సూది వేశారు. తర్వాత అసలు సూది. అప్పటినుంచి మాట్లాడకూడదు, మింగకూడదు, దగ్గకూడదు. ఇబ్బందిగా ఉంటే ఎడమ చేతి వేలు ఎత్తాలి. మింగొద్దు అన్నప్పుడే మింగాలనిపిస్తుంది, అదే కష్టం. నొప్పి తక్కువ. మెడ లోపల ఎవరో బొటనవేలితో నొక్కుతున్నట్టు ఒత్తిడి, కాసేపు భుజం దాకా పాకింది. మొదట కొద్దిగా మందు వేసి ఆగి చూశారు. ఏమీ తేడా లేదని నిర్ధారించుకున్నాక మిగతాది నెమ్మదిగా వేశారు. రోపివకైన్ అనే మత్తుమందు, మొత్తం ఏడు మిల్లీలీటర్లు. సూది గుచ్చి తీయడం ఐదు నిమిషాల లోపే.

లేపి కూర్చోబెట్టారు. ఐదారు నిమిషాలకి కుడి చెంప వెచ్చబడింది. ముక్కు కుడివైపు మూసుకుపోయింది. కుడి చెయ్యి ఎడమ చేతికంటే వేడిగా ఉంది. అద్దం ఇచ్చారు. కుడి కనురెప్ప వాలిపోయింది, కన్ను ఎర్రగా ఉంది, నల్లగుడ్డు మధ్యలో చుక్క చిన్నదైపోయింది. ముందే చెప్పకపోయి ఉంటే పక్షవాతం వచ్చిందనుకునేదాన్ని. మందు పడాల్సిన చోట పడిందనడానికి ఇదే గుర్తట, దీన్ని హార్నర్ లక్షణాలు అంటారు. గొంతు బొంగురుపోయింది. గుటక వేస్తే గొంతులో ఉండ ఉన్నట్టుంది. అది తగ్గేదాకా చిన్న చిన్న గుక్కలుగానే నీళ్ళు తాగమన్నారు. ముప్పావు గంట అక్కడే ఉంచి పంపారు.

నాకు మార్పు తెలిసింది పార్కింగ్‌లో. పక్క కారు హారన్ కొట్టింది. విన్నాను. విన్నాక, నేను ఉలిక్కిపడలేదని గమనించాను. భుజాలు కిందికి ఉన్నాయి. మూడేళ్ళుగా అవి చెవుల దగ్గర ఉన్నాయని అప్పుడే తెలిసింది. ఎప్పటినుంచో ఆన్‌లో ఉన్న మోటారు ఎవరో ఆపితే, అప్పుడు కదా ఇంతసేపూ చప్పుడు ఉందని తెలుస్తుంది. అలా ఉంది. కళ్ళనీళ్ళు వచ్చాయి. మా ఆయన కంగారుపడి కన్ను మండుతోందా అన్నారు.

మధ్యాహ్నం అమ్మ వాట్సాప్ కాల్ చేసింది. "గొంతేంటే అలా ఉంది, జలుబు చేసిందా?" అంది. ఆమెకి చెప్పకుండా చేయించుకున్నాను, దూరాన ఉండి కంగారు పడుతుందని. ఇక చెప్పేశాను. మెడలో సూది వేశారని, ఆ రాత్రి పట్టుకున్న భయానికి అని.

"దడుపుకి సూది ఉందా అక్కడ?"

"ఉందమ్మా."

"పోన్లే తల్లీ. ఆ డాక్టర్ చల్లగా ఉండాలి" అంది.

సాయంత్రానికి కనురెప్ప లేచింది. రాత్రికి గొంతు వచ్చింది. ఆ రాత్రి తొమ్మిదిన్నరకి పడుకుని ఐదింటికి లేచాను. ఏడున్నర గంటలు. తలుపు ఒక్కసారే చూసుకున్నాను.

ఆదివారం కుక్కర్ బయటికి తీశాను. గ్యాస్‌కెట్ ఎండిపోయి పగిలింది, కొత్తది తెప్పించాల్సి వచ్చింది. బుధవారం పప్పు పెట్టాను. బుస మొదలైనప్పుడు చేతులు చూసుకున్నాను. కొద్దిగా చెమట. మొదటి విజిల్‌కి కళ్ళు గట్టిగా మూసుకున్నాను గానీ కాళ్ళు కదల్లేదు. మా అమ్మాయి హాల్లోంచి "ఒకటి" అని అరిచింది. నేను లోపల్నుంచి "రెండు" అన్నాను. మూడు కాగానే స్టవ్ ఆపాను. ఆ వారం ప్రశ్నల కాగితం నింపితే 54 కాస్తా 33కి వచ్చింది.

ఇక్కడితో ఆపితే మీకు తప్పు చెప్పినట్టవుతుంది. జరిగినది మర్చిపోలేదు. టోపీ అలాగే ఉంది, తుపాకీ అలాగే ఉంది. కలలు తగ్గాయి గానీ పోలేదు. పైగా ఆరో వారానికి మార్పు కొంత జారిపోయింది. ఇండియన్ స్టోర్‌లో బెల్ మోగగానే చేతిలో బెండకాయల కవరు జారిపడింది. ఆ రాత్రి నిద్ర లేదు. డబ్బంతా బూడిదలో పోశానా అని ఏడ్చాను. మళ్ళీ కాగితం నింపితే 41. డాక్టర్ ఆశ్చర్యపోలేదు. ఒక్కసారితో సరిపోనివాళ్ళు చాలామందే ఉంటారన్నారు. మేలో మళ్ళీ కుడివైపే రెండోసారి వేశారు. అదే వాలిన రెప్ప, అదే బొంగురు గొంతు. ఈసారి పార్కింగ్‌లో అంత తేడా తెలియలేదు. వారం తిరిగేసరికి నెమ్మదిగా తెలిసింది.

అయితే మొదటి ఇంజెక్షన్ తర్వాత రెండో వారంలోనే థెరపీ మొదలుపెట్టాను. నాకు నిజంగా పనికొచ్చింది థెరపీకి దారి తెరుచుకోవడమే. అదివరకు 'టింగ్' దగ్గర ఆగిపోయే నేను మొదటిసారి దాన్ని దాటాను. గుండె కొట్టుకుంటోంది, వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి, అయినా మాట వస్తోంది. ఇంగ్లిష్‌లో చెప్తూ చెప్తూ, అతను కౌంటర్ మీద కొట్టిన చోట మళ్ళీ ఆగాను. అక్కడ నేను ఏదో అన్నాను, అది ఇంగ్లిష్ కాదు. థెరపిస్ట్ అడిగింది, "అది మీకు ఏ భాషలో జరిగింది?" అని. తెలుగులో అన్నాను. "అయితే తెలుగులోనే చెప్పండి. నాకు అర్థం కావాల్సిన పని లేదు, నేను మీ మొహం చూస్తూ ఉంటాను."

మొత్తం తెలుగులో చెప్పాను. అప్పుడు గుర్తొచ్చింది. అతను కొట్టినప్పుడు నేను "వద్దన్నా, వద్దన్నా" అన్నాను. తుపాకీ పట్టుకున్న మనిషిని అన్నా అని పిలిచాను. కాఫీ మాడుతున్న వాసన కూడా గుర్తొచ్చింది. మూడేళ్ళు కాఫీ వాసనకి నాకు ఎందుకు వాంతి వచ్చేదో ఆ గదిలో తెలిసింది. ఇంజెక్షన్ ఈ పని చేయలేదు, దానివల్ల కాదు కూడా. నేను ఆ కుర్చీలో లేచిపోకుండా కూర్చోగలిగేంత మాత్రం ఒంటిని చల్లబరిచింది. ఇంజెక్షన్ ఒక్కటే చాలని మీకు ఎవరైనా చెప్తే, దయచేసి ఇంకొక డాక్టర్‌ని కూడా అడగండి.

పది వారాలు వెళ్ళాను. ఇప్పుడు నా స్కోరు 20 అటూ ఇటూ ఉంటుంది. సెర్ట్రలిన్ సగం డోసుకి తగ్గించారు, నా అంతట నేను మానలేదు. హోటల్‌లో ఇప్పటికీ తలుపుకి ఎదురుగానే కూర్చుంటాను. గుడిలో కళ్ళు మూసుకుంటాను.

రికార్డింగ్ సంగతి ఒకటి చెప్పాలి. ఇరవై రెండు నిమిషాలు ఉంటుంది. రోజూ మధ్యాహ్నం పడకగదిలో కూర్చుని వినేదాన్ని. జూన్‌లో ఒక శనివారం మా ఆయన లోపలికి వచ్చి కాసేపు నిలబడి, "నేను వినొచ్చా?" అన్నారు. ఇయర్‌ఫోన్స్ ఇచ్చి నేను వంటగదిలోకి వెళ్ళిపోయాను. గిన్నెలు తోముతూ గడియారం చూస్తున్నాను. ఇరవై రెండు నిమిషాలు అయింది, ఆయన రాలేదు. అరగంట అయింది. వచ్చి నా పక్కన నిలబడి, తోమిన గిన్నెలు ఒక్కొక్కటీ తుడిచి పెట్టడం మొదలుపెట్టారు. ఎప్పుడూ చేయరు ఆ పని.

"డ్రాయర్ రెండోసారి తెరుచుకుందన్నావు. మొదటిసారి ఎందుకు తెరుచుకోలేదు?"

"తప్పు బటన్ నొక్కాను."

"ఏ బటన్?"

చెప్పాను. మూడున్నరేళ్ళలో ఆ రాత్రి గురించి ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. అతను ఎటు వెళ్ళాడు, నువ్వు ముందు ఎవరికి ఫోన్ చేశావు, నేను వచ్చేదాకా ఎక్కడ కూర్చున్నావు, అప్పుడు చలిగా ఉందా. రాత్రి పన్నెండు దాకా అడుగుతూనే ఉన్నారు.